హింద్ మజ్దూర్ సభ ఎలా పుట్టింది? తరచుగా అడిగే ప్రశ్నలు

హింద్ మజ్దూర్ సభ ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

దేశంలోని యూనియన్లు కలిసి పెట్టుకున్న ఈ జాతీయ కార్మిక సమాఖ్య 1948 డిసెంబర్ చివరి వారంలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో మొదలైంది. కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నదికి అవతలి ఒడ్డున ఉన్న ఊరది. జూట్ మిల్లులు, ఇంజనీరింగ్ వర్క్‌షాపులు, పెద్ద రైల్వే స్టేషన్ ఉన్న చోటు. కార్మిక మహాసభ పెట్టుకోవడానికి అంతకన్నా తగిన ఊరు అప్పట్లో దేశంలో ఒకటో రెండో ఉండేవి. సోషలిస్టులు, కమ్యూనిజం నుంచి బయటికొచ్చిన ఎం.ఎన్. రాయ్ అనుచరులు (రాయిస్టులు), సుభాస్ చంద్రబోస్ పెట్టిన ఫార్వర్డ్ బ్లాక్ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఏ పార్టీలోనూ లేని యూనియన్ నాయకులు అక్కడ కలిసి దీన్ని ఏర్పాటు చేశారు. మొదటి అధ్యక్షుడు నాగపూర్ బట్టల మిల్లుల కార్మిక నాయకుడు ఆర్.ఎస్. రుయికర్. మొదటి ప్రధాన కార్యదర్శి అశోక్ మెహతా.

కొన్నిచోట్ల ‘హిందూ మజ్దూర్ సభ’ అని రాస్తున్నారు. ఏది సరైనది?

హింద్. జైహింద్‌లో ఉన్న హింద్. దేశం పేరే తప్ప మతంతో దానికి ఏ సంబంధమూ లేదు. వార్తల్లో, గోడ రాతల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. పుట్టుకతోనే సోషలిస్టుల సంఘం కాబట్టి ఇది కాస్త నవ్వు తెప్పించే పొరపాటు కూడా. మజ్దూర్ అంటే కూలీ, కార్మికుడు. మన దగ్గర అందరూ పొట్టిగా హెచ్‌ఎంఎస్ అంటారు.

అసలు యూనియన్ వేరు, ఇలాంటి జాతీయ సంఘం వేరా?

వేరే. ఒక మిల్లులోనో, గనిలోనో, డిపోలోనో పనిచేసేవాళ్లు చందా కట్టి సభ్యులయ్యేది యూనియన్. అలాంటి యూనియన్లు వందలకొద్దీ కలిసి పెట్టుకునేది సమాఖ్య. కార్మికుడి చేతిలో ఉండే రసీదు మీద యూనియన్ పేరు పెద్దగా, పక్కన బ్రాకెట్లో ‘హెచ్‌ఎంఎస్ అనుబంధం’ అని చిన్నగా ఉంటుంది. యాజమాన్యంతో బల్ల దగ్గర కూర్చునేది సాధారణంగా యూనియనే. ఢిల్లీలో మంత్రిత్వ శాఖతో మాట్లాడటం, చట్టాల మీద వైఖరి చెప్పడం, దేశవ్యాప్త సమ్మెకు పిలుపివ్వడం సమాఖ్య పనులు.

ఏఐటీయూసీ (ఆల్ ఇండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) 1920 నుంచే ఉంది కదా. అందులోనే ఉండకుండా ఇంకొకటి ఎందుకు పెట్టారు?

ఈ పేజీలో అసలు ప్రశ్న ఇదే.

ఏఐటీయూసీ 1920 అక్టోబర్ 31న బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన మొదలైంది. మొదటి తొమ్మిదేళ్లు జాతీయవాదులు, మితవాదులు, కమ్యూనిస్టులు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. 1929లో నాగపూర్‌లో, నెహ్రూ అధ్యక్షతన జరిగిన మహాసభలో ఆ కప్పు పగిలింది. కార్మికుల పరిస్థితి చూడటానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా, దాని ముందుకు వెళ్లి చెప్పుకోవాలా అన్నది గొడవకు ఒక ముఖ్య కారణం. బహిష్కరణ ఒప్పుకోని ఎన్.ఎం. జోషి, వి.వి. గిరి వంటివాళ్లు బయటికి వెళ్లి వేరే సమాఖ్య పెట్టారు. 1931లో కలకత్తాలో రెండో చీలిక వచ్చింది. ఈసారి కమ్యూనిస్టులు వెళ్లిపోయి రెడ్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెట్టుకున్నారు. వాళ్లు 1935లో తిరిగొచ్చారు. మితవాదుల విలీనం 1940కి పూర్తయింది. అంటే పదేళ్లపాటు విడిపోవడం, మళ్లీ కలవడం, ఇదే కథ.

కలిసిన మరుసటి ఏడాదే యుద్ధం తెచ్చిన కొత్త చిచ్చు. బ్రిటన్ ఫాసిజంతో పోరాడుతోంది కాబట్టి యుద్ధానికి సాయపడాలన్నాడు ఎం.ఎన్. రాయ్. ఆయన వర్గం 1941లో ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ పెట్టుకుంది. యుద్ధ ప్రచారం కోసం దానికి ప్రభుత్వం నెలకు 13,000 రూపాయలు ఇచ్చింది. ఆ మచ్చ రాయిస్టులను చాలాకాలం వదల్లేదు.

ఇక 1942 క్విట్ ఇండియా. సోషలిస్టులు జైళ్లకు వెళ్లారు, లేదా అజ్ఞాతంలోకి. జయప్రకాశ్ నారాయణ్ హజారీబాగ్ జైలు గోడ దూకింది ఆ నవంబర్‌లోనే. సోవియట్ యూనియన్ మీద హిట్లర్ దాడి చేశాక కమ్యూనిస్టులకు అది ‘ప్రజాయుద్ధం’ అయింది. ఉత్పత్తి ఆగకూడదన్నది వాళ్ల వైఖరి. 1942లో పార్టీ మీద నిషేధం కూడా ఎత్తేశారు. జైళ్ల నుంచి సోషలిస్టులు తిరిగొచ్చి చూసేసరికి ఏఐటీయూసీ దాదాపుగా కమ్యూనిస్టుల చేతికి వచ్చేసింది. తాము లోపల ఉన్నప్పుడు ఇంటి తాళాలు మార్చేసినట్టుగా వాళ్లకు అనిపించింది. కమ్యూనిస్టుల వాదన కూడా చెప్పాలి: నాయకులు జైల్లో ఉన్నా కార్మికుడికి రేషన్, కరువు భత్యం సమస్యలు ఆగవు, ఎవరో ఒకరు యూనియన్ నడపాలి కదా అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ నమ్మకం పోయింది. సిద్ధాంతం మీద తేడా వస్తే మాట్లాడుకోవచ్చు. నమ్మకం పోయాక మహాసభలో ఓట్ల లెక్క కూడా నమ్మరు.

మరి అప్పటికి కాంగ్రెస్ వాళ్ల ఐఎన్‌టీయూసీ (ఇండియన్ నేషనల్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) ఉంది. అందులో చేరవలసింది కదా?

ఐఎన్‌టీయూసీ 1947 మే నెలలో ఢిల్లీలో పుట్టింది. దాని వెనక ఉన్న పెద్ద తల సర్దార్ పటేల్. మహాత్మా గాంధీ అహ్మదాబాద్ మిల్లుల్లో నడిపిన పద్ధతి దానికి ఆదర్శం: తగవు వస్తే ముందు మధ్యవర్తిత్వం, సమ్మె ఆఖరి అస్త్రం. గుల్జారీలాల్ నందా, ఖండూభాయ్ దేశాయ్ అక్కడి నుంచి వచ్చినవాళ్లే.

సోషలిస్టులు అప్పటికి ఇంకా కాంగ్రెస్‌లోనే ఉన్నారు. అయినా ఇందులో చేరలేదు. వాళ్ల అభ్యంతరం సూటిగా చెప్పాలంటే ఇంతే: రేపు ప్రభుత్వంలో కూర్చునే పార్టీయే ఇవాళ కార్మికుల సంఘం పెడితే, ప్రభుత్వ కర్మాగారంలో సమ్మె ఎవరు చేస్తారు? ఆ అనుమానానికి ఆధారం కూడా ఉంది. 1947 ఒక్క ఏడాదిలో దేశంలో సమ్మెలు, లాకౌట్ల వల్ల 1.65 కోట్లకు పైగా పని దినాలు పోయాయి. ధరలు మండిపోతున్నాయి, యుద్ధకాలపు ఉద్యోగాలు ఊడిపోతున్నాయి. ఆ డిసెంబర్‌లోనే ప్రభుత్వం యాజమాన్యాలను, కార్మిక నాయకులను పిలిచి మూడేళ్ల పారిశ్రామిక సంధి తీర్మానం చేయించింది.

1948 మార్చిలో నాసిక్‌లో సోషలిస్టులు కాంగ్రెస్‌తో తెగతెంపులు చేసుకున్నారు. ఆ ఏడాదే హింద్ మజ్దూర్ పంచాయత్ పేరుతో సొంత సంఘం మొదలుపెట్టారు. ఒకపక్క ఏఐటీయూసీ, ఇంకోపక్క ఐఎన్‌టీయూసీ. మధ్యలో ఒంటరిగా నిలబడాలంటే ఆ చిన్న పంచాయత్ చాలదని నెలల్లోనే తెలిసొచ్చింది. హౌరా సభ దాని ఫలితం.

హౌరాలో కలిసినవాళ్లలో ముఖ్యులు ఎవరు?

బీహార్ నుంచి బసావన్ సింగ్. విప్లవకారుల దళాల్లో తిరిగి, జైళ్లలో నిరాహార దీక్షలు చేసి, తర్వాత కార్మికుల్లోకి వచ్చిన మనిషి. బొంబాయి నుంచి మణిబెన్ కారా. రాయ్ అనుచరురాలు, రైల్వే కార్మికుల నాయకురాలు. 1970లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి యూనియన్ వేదికల మీద ఆడవాళ్లు ఎంత అరుదో ఆనాటి ఫొటోలు చూస్తే తెలుస్తుంది. ఆమె వేదిక మీద కూర్చోవడమే కాదు, సంఘాలు నడిపింది. టి.ఎస్. రామానుజం, ఆర్.ఎ. ఖేడ్గికర్, వి.ఎస్. మాథుర్ పేర్లు కూడా స్థాపకుల్లో వినిపిస్తాయి.

శిబ్‌నాథ్ బెనర్జీ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. బెంగాల్ కార్మిక నాయకుడు. కమ్యూనిస్టులు, కార్మిక నాయకుల మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన 1929 మీరట్ కుట్ర కేసులో నిందితుడు. యుద్ధకాలంలో భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధించినప్పుడు ఆయన పేరు మీద నడిచిన కేసు ఫెడరల్ కోర్టు దాకా, అక్కడి నుంచి లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ముందస్తు నిర్బంధం గురించి లా చదివేవాళ్లు ఇప్పటికీ ఆ కేసు చదువుతారు. వాళ్లలో ఎక్కువమందికి ఆయన యూనియన్ నాయకుడని తెలియదు.

యుద్ధాన్ని సమర్థించిన రాయిస్టులు, యుద్ధకాలంలో జైలుకెళ్లిన సోషలిస్టులు ఎలా కలిశారు?

మంచి ప్రశ్న. 1942లో ఒకరినొకరు ద్రోహులనుకున్నవాళ్లు 1948లో ఒకే సభలో కూర్చున్నారంటే కారణం ఉండాలి కదా. ఒకటి, కమ్యూనిస్టు పార్టీ మీద ఇద్దరికీ ఉన్న అపనమ్మకం. రెండు, ఆ ఏడాది రాయ్ వచ్చిన దారి. అసలు పార్టీలే ప్రజాస్వామ్యానికి అడ్డం అనే అభిప్రాయానికి వచ్చి, అదే 1948 డిసెంబర్‌లో కలకత్తాలో ఆయన తన రాడికల్ డెమొక్రటిక్ పార్టీని రద్దు చేశాడు. పార్టీయే లేనప్పుడు పార్టీకో సంఘం ఎందుకు? ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ వచ్చి కొత్త సభలో కలిసిపోయింది. నదికి ఒక ఒడ్డున పార్టీ మూత, ఇంకో ఒడ్డున సంఘం పుట్టుక, రెండూ ఒకే నెలలో.

తమ సంఘం ‘ఏ పార్టీకీ తోక కాదు’ అని హెచ్‌ఎంఎస్ వాళ్లన్నారు. పెట్టిందేమో పార్టీవాళ్లే. ఇది వింతగా లేదా?

ఉంది. ప్రభుత్వానికి, యాజమాన్యానికి, రాజకీయ పార్టీకి, ముగ్గురికీ దూరంగా ఉండే స్వతంత్ర, ప్రజాస్వామిక సంఘం అన్నది హెచ్‌ఎంఎస్ ప్రకటించుకున్న సూత్రం. ఆ సూత్రం రాసిన చేతుల్లో చాలావాటిలో సోషలిస్టు పార్టీ సభ్యత్వ కార్డు ఉంది.

నా లెక్కలో దీన్ని పరీక్షించే ప్రశ్న ఒక్కటే: సమ్మె ఎప్పుడు మొదలవ్వాలో, మరీ ముఖ్యంగా ఎప్పుడు ఆగాలో ఎవరు చెబుతారు? జెండా రంగు చూస్తే అది తెలియదు, ఆ ఆదేశం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. 1949 మార్చి 9 రైల్వే సమ్మె సంగతి చూడండి. అప్పుడు ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణ్. ప్రభుత్వంతో మాటలు జరిగాక ఫెడరేషన్ సమ్మె పిలుపును వెనక్కి తీసుకుంది. ఏడాది కిందట కలకత్తా మహాసభలో తిరుగుబాటు దారి పట్టిన కమ్యూనిస్టు పార్టీ మాత్రం సమ్మె జరిగి తీరాలంది. వేలమంది అరెస్టయ్యారు, సమ్మె పడిపోయింది. సోషలిస్టులు కార్మికులను మోసం చేశారని వాళ్లన్నారు. పార్టీ తీర్మానం కోసం కార్మికుల ఉద్యోగాలు పణంగా పెట్టారని వీళ్లన్నారు. అదే సమయంలో తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోందని గుర్తుపెట్టుకుంటే, ఆ మాటల్లో వేడి ఎందుకంత ఉందో అర్థమవుతుంది.

ఫెడరేషన్ నిర్ణయం ఫెడరేషన్‌లోనే జరిగింది అన్నది హెచ్‌ఎంఎస్ వాళ్లు గర్వంగా చెప్పుకునే విషయం. కానీ సోషలిస్టు పార్టీ చీలిన ప్రతిసారీ ఆ పగులు హెచ్‌ఎంఎస్ గోడ మీద కూడా కనిపించింది. దాని గురించి కింద ఉంది.

జయప్రకాశ్ నారాయణ్ దీని స్థాపకుడా?

రైల్వే ఉద్యోగుల సంఘానికి, పోస్ట్‌మెన్ సంఘానికి అధ్యక్షుడిగా ఆయన బరువు ఈ సభ వెనక ఉంది. పదవులు చూసుకున్నది మాత్రం రుయికర్, మెహతాలు. స్థాపకుల్లో ఆయన్ను ప్రధానంగా చెప్పడం, తర్వాతి కాలపు కీర్తిని వెనక్కి పూయడమే.

ఈ అశోక్ మెహతా, పంచాయతీరాజ్ కమిటీ అశోక్ మెహతా ఒకరేనా?

ఒకరే. గ్రూప్-2 రాసేవాళ్లందరికీ నోటికొచ్చిన పేరు. 1977 డిసెంబర్‌లో వేసిన కమిటీ, 1978లో నివేదిక, రెండంచెల పంచాయతీ వ్యవస్థ, మండల పంచాయతీల సిఫారసు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు తెచ్చినప్పుడు ఆ ఆలోచన ప్రభావం ఉంది. మీ ఆధార్ చిరునామాలో ఉన్న ‘మండలం’ అనే మాటకూ, హౌరా కార్మిక సభకూ మధ్య ఒక మనిషి ఉన్నాడన్నమాట. 1960ల్లో ఆయన ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడై, తర్వాత కాంగ్రెస్‌లో చేరాడు. పాత సహచరుల్లో చాలామంది అది మరిచిపోలేదు.

కొత్త సంఘానికి మొదటి పెద్ద పరీక్ష ఏది?

1950 బొంబాయి బట్టల మిల్లుల సమ్మె. బోనస్ కోసం 2 లక్షలకు పైగా కార్మికులు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా రెండు నెలలు పనిలోకి వెళ్లలేదు. నడిపింది హెచ్‌ఎంఎస్ అనుబంధ మిల్ మజ్దూర్ సభ, ముందు నిలిచింది అశోక్ మెహతా.

గేటు దగ్గర కార్మికులు వీళ్ల వెంట ఉన్నారు. చట్టం మాత్రం వీళ్ల వెంట లేదు. 1946 బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఒక పరిశ్రమకు ఒకే ‘ప్రాతినిధ్య సంఘం’. యాజమాన్యం మాట్లాడేది దానితోనే. ఆ హోదా ఐఎన్‌టీయూసీ అనుబంధ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌ది. సమ్మె చట్టవిరుద్ధమైంది, చివరికి చేతికి ఏమీ రాకుండా ముగిసింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత 1982లో బొంబాయి కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది బయటికొచ్చినప్పుడు కూడా అడ్డం నిలిచింది అదే చట్టం, అదే సంఘం హోదా. మన దగ్గర గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో తేల్చాలని యూనియన్లు ఎందుకంత పట్టుబడతాయో తెలియాలంటే ఈ రెండు సమ్మెలూ చదవాలి. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. మన పత్రికల్లో అవి అసెంబ్లీ ఎన్నికలంత సందడి చేస్తాయి. బరిలో హెచ్‌ఎంఎస్ అనుబంధ సంఘం కూడా ఉంటుంది.

సభ్యత్వం ఎంత?

1949 మార్చిలో 380 యూనియన్లు, 6,18,802 మంది సభ్యులు అని సంఘం చెప్పుకుంది. ఇది వాళ్ల సొంత లెక్క. ఆ రోజుల్లో ఏ సమాఖ్య లెక్కయినా కాస్త అనుమానంగానే వినాల్సిందే. ప్రభుత్వం తనిఖీ చేసిన లెక్కల్లో 2002 నాటి సంఖ్యలు నమ్మదగ్గవి: బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్) 62 లక్షలు, ఐఎన్‌టీయూసీ 39 లక్షలు, ఏఐటీయూసీ 34 లక్షలు, హెచ్‌ఎంఎస్ 33 లక్షలు, సీఐటీయూ (సెంటర్ ఆఫ్ ఇండియన్ ట్రేడ్ యూనియన్స్) 26 లక్షలు. టీవీ చర్చల్లో హెచ్‌ఎంఎస్ పేరు ఎంత తక్కువ వినిపిస్తుందో చూసి, ఈ నాలుగో స్థానం చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. దాని బలం రైల్వే, ఓడరేవులు, గనుల వంటి చోట్ల ఉంది, టీవీ కెమెరాలు వెళ్లని చోట్ల.

హింద్ మజ్దూర్ పంచాయత్, హింద్ మజ్దూర్ సభ ఒకటేనా?

ఇక్కడ అందరూ తికమకపడతారు, ఎందుకంటే పంచాయత్‌లు రెండు. 1948లో సోషలిస్టులు పెట్టినది హౌరాలో కలిసిపోయింది. 1955లో సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా వర్గం ప్రజా సోషలిస్టు పార్టీ నుంచి విడిపోయాక, 1960ల్లో ఆ దారి సోషలిస్టులు అదే పేరుతో కొత్త సంఘం పెట్టారు. జార్జ్ ఫెర్నాండెజ్ పేరు వినిపించేది ఈ రెండోదానితో. పార్టీ గొడవ యూనియన్‌లోకి రాదన్న మాట ఏమైందని అడిగితే జవాబు కష్టమే.

ఫెర్నాండెజ్ బొంబాయికి వచ్చి పని నేర్చుకున్నది రేవు కార్మికుల నాయకుడు ప్లాసిడ్ డిమెల్లో దగ్గర. ముంబై ఓడరేవు వెంట వెళ్లే పి. డిమెల్లో రోడ్డు ఆయన పేరే.

1974 రైల్వే సమ్మె హెచ్‌ఎంఎస్ చేసిందేనా?

ఒక్క సంఘం చేసినది కాదు. ఫెర్నాండెజ్ అధ్యక్షుడిగా ఉన్న ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ ముందు నడిచింది, మిగతా సంఘాలు సమన్వయ సమితిలో కలిశాయి. మే 2న ఆయన్ను అరెస్టు చేశారు, 8న సమ్మె మొదలైంది, 27న విరమించారు. ఆ ఫెడరేషన్ హెచ్‌ఎంఎస్ కుటుంబంలోనిది. సికింద్రాబాద్ రైల్వే కాలనీల్లో ఉన్నవాళ్లకు మజ్దూర్ యూనియన్, ఎంప్లాయీస్ సంఘ్ పోటీ తెలిసిందే. దక్షిణ మధ్య రైల్వేలో మజ్దూర్ యూనియన్ ఈ ఫెడరేషన్ వైపుది, సంఘ్ దానికి పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఐఆర్ (నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ రైల్వేమెన్) వైపుది. హౌరాలో పడిన గీత మన క్వార్టర్ల గోడల దాకా వచ్చింది.

తెలుగు నేల మీద హెచ్‌ఎంఎస్ ఎందుకు పెద్దగా ఎదగలేదు?

పునాది దగ్గరే ఇటుకలు జారిపోయాయి. కాంగ్రెస్ లోపలే సోషలిస్టులు పెట్టుకున్న కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ 1936లో కమ్యూనిస్టులను లోపలికి రానిచ్చింది. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులకు అది మంచి నీడ. పుచ్చలపల్లి సుందరయ్య ఆ పార్టీ అఖిల భారత నాయకత్వంలోనే ఉన్నాడు. 1940లో వాళ్లను వెళ్లగొట్టేసరికి ఆంధ్ర, తమిళనాడు, కేరళ శాఖలు దాదాపు మొత్తంగా వాళ్లతోనే వెళ్లిపోయాయి. ఇక్కడ మిగిలింది పేరు, కొందరు పెద్దమనుషులు. విజయనగరం పి.వి.జి. రాజు వంటి సోషలిస్టులు తర్వాత ఓట్లు గెలిచారు, కానీ ఓట్లు వేరు, మిల్లు గేటు వేరు.

రాయిస్టుల సంగతి ఇంకో రకం. తెలుగునాట రాయ్ ప్రభావం తక్కువేమీ కాదు. రచయిత త్రిపురనేని గోపీచంద్ రాడికల్ డెమొక్రటిక్ పార్టీ ఆంధ్ర శాఖ కార్యదర్శిగా పనిచేశాడు. కానీ ఆ ప్రభావం పత్రికలు, సాహిత్య సభలు, హేతువాద చర్చల్లో ఎక్కువ, కర్మాగారాల్లో తక్కువ.

వి.వి. గిరికి దీనితో సంబంధం ఉందా?

లేదు. బరంపురంలో పుట్టిన ఈ తెలుగువాడు రెండుసార్లు ఏఐటీయూసీ అధ్యక్షుడు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టినవాడు. కానీ హౌరా సభ నాటికి ఆయన సిలోన్‌లో భారత హైకమిషనర్. 1952లో కేంద్ర కార్మిక మంత్రయ్యాక మాత్రం, తగవులను కోర్టులకు వదిలేయకుండా యూనియన్, యాజమాన్యం ముఖాముఖి తేల్చుకోవాలని వాదించాడు. హెచ్‌ఎంఎస్ వాళ్లు కోరుకున్నదానికి అది దగ్గరే. మంత్రివర్గం ఒప్పుకోలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు ఆయన రాజీనామా చేశాడు.

ఇప్పుడు హెచ్‌ఎంఎస్ ఎక్కడుంది?

పది కేంద్ర కార్మిక సంఘాల ఐక్య వేదికలో ఉంది. 2020 నవంబర్ 26, 2022 మార్చి 28-29, 2025 జూలై 9 సార్వత్రిక సమ్మెల పిలుపుల్లో ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, సీఐటీయూల పక్కనే దాని సంతకం ఉంది. 1948లో ఎవరి నుంచి తప్పించుకోవడానికి పుట్టిందో వాళ్ల పక్కనే. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త లేబర్ కోడ్‌లను ఈ వేదిక మొదటి నుంచీ వ్యతిరేకిస్తోంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 51 శాతం కార్మికులు సభ్యులుగా ఉన్న యూనియనే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం చొప్పున మద్దతున్నవాళ్లు కలిసి కౌన్సిల్‌గా కూర్చోవాలి. 1950లో బొంబాయి గేట్ల దగ్గర నిలబడ్డ మిల్ మజ్దూర్ సభ వాళ్లు బతికి ఉంటే ముందుగా అడిగేది ఆ శాతాన్ని ఎవరు లెక్కపెడతారు, ఎలా లెక్కపెడతారు అనే.